పరుగెత్తి పాలు తాగినవాళ్లు

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని తెలుగువాళ్లు తరతరాలుగా పిల్లలకు బుద్ధి చెబుతున్నారు. ఆ మాట వినని ఒక కుర్రాడు సరిగ్గా తెలుగునేల మీదే పరుగు నేర్చుకున్నాడు. 1950ల మొదట్లో సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో, కొత్తగా సైన్యంలో చేరిన జవాన్లకు క్రాస్ కంట్రీ పరుగు పెట్టారు. మొదటి పదిమందిలో వచ్చినవాళ్లకు ప్రత్యేక శిక్షణ, దాంతోపాటు అదనంగా ఓ గ్లాసు పాలు. దేశ విభజనలో కన్నవాళ్లను పోగొట్టుకుని వచ్చిన ఆ పంజాబీ కుర్రాడు ఆరో స్థానంలో వచ్చాడు. ఆ గ్లాసు పాల కోసమే పరుగు మొదలుపెట్టానని మిల్ఖా సింగ్ ముసలితనంలోనూ చెబుతూనే ఉండేవారు.

మిల్ఖా కథలో జనానికి బాగా ఎక్కిన భాగం వేరే ఉంది. రక్తం కక్కుకునేదాకా, స్పృహ తప్పేదాకా సాధన చేసేవాడినని ఆయన రాసుకున్నారు. సినిమాలకైనా, ఫోన్లో తిరిగే మోటివేషన్ వీడియోలకైనా కావలసింది అదే: చెమట, రక్తం, వెనకాల డప్పుల మోత. అదే కథలో ఇంకో ముక్క ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మిల్ఖా హీట్స్‌లోనే ఇంటిదారి పట్టారు. పట్టేముందు, ఆ ఏడాది 400 మీటర్లలో స్వర్ణం గెలిచిన అమెరికన్ చార్లెస్ జెంకిన్స్‌ను వెతుక్కుంటూ వెళ్లారు. భాష రాదు. అయినా మధ్యలో ఒకరిని పెట్టుకుని, మీరు ఎలా ప్రాక్టీసు చేస్తారని అడిగారు. జెంకిన్స్ దాచుకోకుండా తన పద్ధతంతా ఇచ్చేశాడు. రెండేళ్లు తిరిగేసరికి కార్డిఫ్ కామన్వెల్త్ క్రీడల్లో మిల్ఖా స్వర్ణం గెలిచారు. చెమటకు ఆయన దగ్గర అంతకుముందూ కొదవ లేదు. కొత్తగా వచ్చి చేరింది లెక్క: ఏ రోజు ఎంత దూరం, ఎంత వేగం, మధ్యలో ఎంతసేపు ఆగాలి. అందులో ఆ చివరి ప్రశ్న దగ్గరే పరుగు కోచ్‌లు దశాబ్దాల తరబడి తలలు బద్దలు కొట్టుకున్నారు.

తెలంగాణలో పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడ్డ ఏడాది, ఏ జిల్లా కేంద్రంలోనైనా తెల్లవారుజామున డిగ్రీ కాలేజీ గ్రౌండుకు వెళ్తే ఆ ప్రశ్న ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. గోడ వెంట వరసగా బైకులు. ఒక మూల లాంగ్‌జంప్ గుంతలో ఇసుక తిరగేస్తున్నవాళ్లు, ఇంకో మూల షాట్‌పుట్ గుండు చుట్టూ నలుగురు. మిగతా జనమంతా సున్నపు గీతల వెంట తిరుగుతుంటారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. పరుగు తప్పితే మిగతా ఈవెంట్ల దాకా వెళ్లే పనే లేదు. రెండేళ్లు గదిలో కూర్చుని కరెంట్ అఫైర్స్, అరిథ్‌మెటిక్ బట్టీపట్టినవాడి బతుకు ఆ ఏడు నిమిషాల మీద వేలాడుతుంది.

వాళ్లలో 7 నిమిషాల 40 సెకన్ల దగ్గర ఆగిపోయిన కుర్రాడిని ఒకడిని తీసుకుందాం. అలాంటివాళ్లు ప్రతి గ్రౌండులోనూ డజన్లకొద్దీ ఉంటారు. ఇరవై అయిదు సెకన్లే కదా అనిపిస్తుంది. కానీ ట్రాక్ మీద కొలిచి చూస్తే, గడువు ముగిసే క్షణానికి అతను గీతకు ఇంకా 87 మీటర్ల దూరంలో ఉంటాడు. నాలుగు రౌండ్లకు పంచితే రౌండుకు ఆరు సెకన్ల పైచిలుకు తగ్గాలి. ఒక్కో రౌండును 115 సెకన్లకు బదులు 108లో చుట్టాలి. అతనికి తోచే ఉపాయం ఒక్కటే: రోజూ వచ్చి, రోజూ 1600 మీటర్లు, రోజూ చావో రేవో అన్నట్టు పరుగెత్తడం. మొదటి రెండు వారాలు టైం తగ్గుతుంది. మూడో వారం ఆగిపోతుంది. నాలుగో వారం పెరుగుతుంది. అప్పుడతను ఇంకా గట్టిగా పరుగెత్తుతాడు.

గట్టిగా అంటే ఎలాగో దగ్గర్నుంచి చూడాలి. విజిల్ పడగానే బాణంలా లేస్తాడు. మొదటి రౌండు 85 సెకన్లలో అయిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్లు ఈలలు వేస్తారు. రెండో రౌండులో భుజాలు చెవుల దాకా ఎక్కుతాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి. మూడో రౌండు మలుపు దగ్గర డొక్క పట్టేస్తుంది. నాలుగో రౌండులో అతను చేసేది పరుగూ కాదు, నడకా కాదు. గీత దాటి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోతే, స్టాప్‌వాచ్ పట్టుకున్న పీడీ సారు దగ్గరికొస్తాడు.

"మొదటి రౌండులనే హీరో అయితే ఎట్లరా? నాలుగో రౌండుల నిన్నెవడు మోస్తడు?"

"కాళ్లు ఊకుంటలేవు సార్."

కాళ్లు ఊరుకోవన్నది నిజమే. దాని సంగతి తర్వాత.

1600 మీటర్లకు ఇంకో తొమ్మిది మీటర్లు కలిపితే ఒక మైలు. మైలును నాలుగు నిమిషాల్లోపు పరుగెత్తిన తొలి మనిషిగా రోజర్ బానిస్టర్ పేరు స్కూలు పిల్లల జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో కూడా ఉంటుంది. అతను పూర్తికాలపు క్రీడాకారుడు కాడన్నది అంతగా తెలియదు. లండన్‌లో సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో వైద్య విద్యార్థి. మధ్యాహ్నం భోజనం వేళ దొరికే కాసేపట్లో దగ్గర్లోని ప్యాడింగ్టన్ మైదానానికి పోయి పరుగెత్తి వచ్చేవాడు. 1953-54 చలికాలమంతా అతని సాధనలో ముఖ్యమైన భాగం ఒకటే: పావు మైలు చొప్పున పది పరుగులు, ఒక్కోదాని మధ్య రెండు నిమిషాల విరామం. చలికాలం మొదట్లో ఒక్కో పావు మైలుకు 66 సెకన్లు పట్టేది. ఏప్రిల్‌కల్లా 61కి దిగింది. కావలసింది 60 లోపు. ఆ 61 దగ్గరే బండి మొరాయించింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా దిగదు.

అప్పుడు అతను చేసిన పని, మన గ్రౌండులో ఎవరైనా చేస్తే తిట్లు తినాల్సిందే. సాధన ఆపేసి, స్నేహితుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లాండ్ పోయి మూడు నాలుగు రోజులు కొండలెక్కాడు. తిరిగొచ్చి మళ్లీ ఆ పది పరుగులూ తీస్తే 59 పడింది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్ ఇఫ్లీ రోడ్ ట్రాక్ మీద మైలు 3 నిమిషాల 59.4 సెకన్లలో పూర్తయింది.

కొండగాలిలో మహిమేమీ లేదు. నెలల తరబడి చేసిన సాధన ఫలితం అతని ఒంట్లో అప్పటికే ఉంది; దాని మీద అలసట పేరుకుపోయి పైకి కనిపించలేదు. అలసట దిగగానే బయటపడింది. కష్టపడితే శరీరం బలపడుతుందని అందరూ అంటారు గానీ, కష్టపడుతున్నంతసేపూ శరీరం నిజానికి బలహీనపడుతూనే ఉంటుంది. కండ చిట్లుతుంది, నిల్వ ఉన్న చక్కెర ఖర్చయిపోతుంది, రక్తంలో నీరు తగ్గుతుంది. వాటిని మళ్లీ నింపుకుంటూ, ఈసారి ఇంకొంచెం ఎక్కువ నింపుకోవడం ఆ తర్వాత, నిద్రలోనూ తిండిలోనూ జరిగే పని. ఆ సమయం ఇవ్వకుండా మర్నాడు పొద్దున్నే మళ్లీ 1600 మీద పడితే, కూలి ఇవ్వకుండా పని చేయించుకున్నట్టే.

ఈ విరామం లెక్కను బానిస్టర్ కంటే ముందే ఒక పద్ధతిగా మలిచినవాళ్లు జర్మనీలో ఉన్నారు. 1930లలో వోల్డెమార్ గెర్ష్‌లర్ అనే కోచ్, హెర్బర్ట్ రైండెల్ అనే గుండె వైద్యుడితో కలిసి కూర్చున్నాడు. వాళ్ల సూత్రం చిన్నది. నాడి నిమిషానికి 180 దాకా వెళ్లేలా కొద్దిదూరం పరుగెత్తించు. తర్వాత ఆపు. తొంభై సెకన్లలోపు నాడి 120కి దిగితే మళ్లీ పరుగెత్తించు. దిగకపోతే, ఆ పరుగు అతని స్థాయికి మించిందని అర్థం. ఆ రోజుకు చాలించు. గుండె బలపడేది పరుగెత్తేటప్పుడు కాదు, ఆ తొంభై సెకన్లలోనే అని వాళ్లు నమ్మారు. తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు ఈ నమ్మకానికి చాలా సవరణలు చేశారు. అయినా గెర్ష్‌లర్ చేతిలో తయారైన రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పూర్తిచేసి, అంతకుముందున్న ప్రపంచ రికార్డును ఏకంగా 1.8 సెకన్లు తగ్గించాడు. దాన్ని ఇంకొకరు దాటడానికి 16 ఏళ్లు పట్టింది.

దీనికి యంత్రాలు అక్కర్లేదు. మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి పది సెకన్లు లెక్కపెడితే చాలు. ముప్ఫై కొట్టుకుంటే 180, ఇరవై కొట్టుకుంటే 120. 7:40 కుర్రాడికి పీడీ సారు రాసిచ్చే చీటీ కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది: నాలుగు వందల మీటర్లు 105 సెకన్లలో, రెండు నిమిషాలు నడక, మళ్లీ నాలుగు వందలు, అలా ఆరుసార్లు. వారానికి ఒక్కసారే, మహా అయితే రెండుసార్లు. ఇక్కడే గొడవ మొదలవుతుంది. మొదటిది 90 సెకన్లలో లాగేస్తానంటాడు కుర్రాడు. వద్దు, ఆరోది కూడా 105లోనే రావాలంటాడు సారు. కుర్రాడికి అది అవమానంగా ఉంటుంది. పరుగెత్తగలిగి కూడా పరుగెత్తకుండా ఉండటం ఇరవై రెండేళ్ల వయసులో ఎవరికి నచ్చుతుంది?

అంతకంటే అవమానకరమైన సలహా న్యూజిలాండ్ నుంచి వచ్చింది. ఆర్థర్ లిడియార్డ్ ఆక్లండ్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కోచింగ్‌లో పట్టాలేవీ లేవు. తన ఒంటి మీదే ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసుకుని, పరుగు పందెం ఎంత చిన్నదైనా ముందు కొన్ని నెలలపాటు వారానికి వంద మైళ్లు, అంటే దాదాపు 160 కిలోమీటర్లు, తేలిగ్గా పరుగెత్తాలని తేల్చాడు. 800 మీటర్ల పరుగు రెండు నిమిషాలు కూడా పట్టదు. దానికి సిద్ధమయ్యే పీటర్ స్నెల్‌ను వారాంతాల్లో వైటాకెరె కొండదారుల్లో 22 మైళ్లు తిప్పేవాడు. ఊళ్లోవాళ్లకు పిచ్చిగా కనిపించిందంటే ఆశ్చర్యమేముంది? 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలోనూ, గంటసేపైనా తిరక్కముందే మరో శిష్యుడు ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలోనూ స్వర్ణాలు గెలిచారు. అదే రోమ్‌లో మన మిల్ఖా 400 మీటర్లలో నాలుగో స్థానం దగ్గర ఆగిపోయారు.

నెమ్మదిగా పరుగెత్తితే వేగం ఎలా వస్తుందన్న సందేహం న్యాయమైనదే. జవాబు ఊపిరిలో ఉంది. ఏడు నిమిషాల పరుగుకు కావలసిన శక్తిలో అయిదింట నాలుగు వంతులకు పైగా ఆక్సిజన్‌తో నడిచే మార్గం నుంచే రావాలి. ఆ మార్గం విశాలం కావాలంటే గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోయాలి, కండల్లో సన్నటి రక్తనాళాలు కొత్తగా మొలవాలి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగాలి. ఇవన్నీ గంటల తరబడి సాగే తేలికపాటి పరుగుకు బాగా స్పందిస్తాయి. అంతసేపు గట్టిగా పరుగెత్తడం ఎవరి వల్లా కాదు కాబట్టి, ఎక్కువసేపు పరుగెత్తాలంటే నెమ్మదిగానే పరుగెత్తాలి. కెన్యాలో కాప్టగాట్ శిబిరంలో ఎలియుడ్ కిప్చోగే వారంలో ఎక్కువ పరుగులు ఇలాగే తీసేవాడు. మంగళవారం ట్రాక్, గురువారం దూరపు పరుగు, శనివారం వేగం మార్చుకుంటూ ఫార్ట్‌లెక్. మిగతావి చాలావరకు కబుర్లు చెప్పుకుంటూ తీసే పరుగులు. అలాంటి మనిషి 2022లో బెర్లిన్ మారథాన్‌ను 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించాడు. అంటే కిలోమీటరుకు 2 నిమిషాల 52 సెకన్లు. గ్రౌండులో ఉన్న కుర్రాళ్లలో ఆ వేగాన్ని ఒక్క రౌండు నిలబెట్టగలిగేవాళ్లే తక్కువ.

తేలిక అంటే ఎంత తేలిక? పక్కవాడికి నిన్న చూసిన సినిమా కథ ఆగకుండా చెప్పగలిగినంత. ఇంటర్వెల్ దగ్గరే ఆయాసం వస్తే వేగం ఎక్కువైనట్టు. గ్రౌండులో దీన్ని పాటించేవాళ్లు చాలా తక్కువ. కారణం శాస్త్రం తెలియకపోవడం ఒక్కటే అనలేం. పక్కన పదిమంది దాటుకుని పోతుంటే, గోడ మీద కూర్చున్నవాళ్లు చూస్తుంటే, కబుర్లాడుతూ పరుగెత్తడానికి పెద్ద గుండె కావాలి. పైగా ప్రిలిమ్స్ రాతపరీక్ష ఫలితం వచ్చాకగానీ చాలామంది బూట్లు కట్టరు. లిడియార్డ్ చెప్పిన ఆ తొలి నెలలు అప్పటికే కోచింగ్ సెంటర్ బెంచీల మీద గడిచిపోయి ఉంటాయి. మిగిలిన కొద్ది వారాల్లో అంతా కుదించి చేయబోతే దెబ్బ తగిలేది ముందు ఎముకకు. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. ఎముక అంత తొందరపడదు. కొత్త బరువు పడ్డప్పుడు అది ముందు పాత భాగాన్ని కొంత కరిగించుకుని, తర్వాత కొత్తది కట్టుకుంటుంది. మధ్యలో కొంతకాలం ముందుకంటే బలహీనంగానే ఉంటుంది. దమ్ము పెరిగిందన్న ఉత్సాహంలో కుర్రాడు దూరం పెంచేది సరిగ్గా అప్పుడే. షిన్ పెయిన్ అని గ్రౌండంతా మూలిగే ముంగాలి నొప్పి చాలాసార్లు అలాగే మొదలవుతుంది. ఖాతరు చేయకపోతే అది సన్నని పగులు దాకా పోతుంది.

ఇక్కడ లాక్టిక్ యాసిడ్ గురించి ఒక మాట. పాపం దానికి దక్కినంత చెడ్డపేరు ఇంకేదానికీ దక్కలేదు. "నిన్న గట్టిగా కొట్టినం అన్నా, లాక్టిక్ యాసిడ్ చేరింది" అని ప్రతి గ్రౌండులోనూ వినిపిస్తుంది. పరుగులో పుట్టే లాక్టేట్ గంట తిరిగేసరికి మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాడు మెట్లు దిగనివ్వని నొప్పి కండపోగుల్లో పడ్డ చిన్నచిన్న చీలికల వల్ల వచ్చేది. పైగా ఆ లాక్టేట్‌ను గుండె, పక్క కండలు ఇంధనంగా వాడుకుంటాయని బర్క్‌లీలో జార్జ్ బ్రూక్స్ నలభై ఏళ్ల కిందటే చూపించాడు. గ్రౌండు దాకా ఆ వార్త ఇంకా చేరినట్టు లేదు.

పొట్టి పరుగుల సంగతి కొంచెం వేరు, కానీ అక్కడా జనం ఊహించుకునేది ఒకటి, జరిగేది ఇంకొకటి. వేగంగా పరుగెత్తేవాళ్లు కాళ్లను గాల్లో వేగంగా ఆడిస్తారని అనుకుంటాం. 2000లో పీటర్ వేయాండ్ బృందం కొలిచి చూస్తే, పూర్తి వేగంలో కాలిని ముందుకు తెచ్చుకోవడానికి చురుకైనవాళ్లకూ మందకొడివాళ్లకూ పట్టే సమయంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా పాదం నేలను తాకే ఆ కొద్దిపాటి క్షణంలో, నేలను ఎంత బలంగా కొడుతున్నారన్నదానిలో ఉంది. మేటి స్ప్రింటర్‌కు ఆ క్షణం సెకనులో పదోవంతు. అంత గట్టిగా కొట్టాలంటే నరాలు తాజాగా ఉండాలి. అందుకే 400 మీటర్ల వాళ్లు ఒక మూడు వందలు పూర్తి వేగంతో తీశాక పది నిమిషాలైనా కూర్చుంటారు. తెలియనివాళ్లకు కాలక్షేపం చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఈ 400 మీటర్ల వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి, నాగపురి రమేష్ శిక్షణలో, 2024 మే నెలలో కోబె పారా ప్రపంచ పోటీల్లో టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి) విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి పరిగెత్తే వంద మీటర్ల హర్డిల్స్‌లో వేగం ఇంకా విచిత్రమైనది. పది హర్డిల్స్, ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. రెండింటి మధ్య దూరం 8.5 మీటర్లు. ఆ మధ్యలో మూడు అంగలే వేయాలి. ఎగరడానికి ముందు రెండు మీటర్లు, దిగాక ఒక మీటరు పోతే ఆ మూడు అంగలకు మిగిలేది అయిదున్నర మీటర్లు. వేగం పెరిగేకొద్దీ అంగ సాగుతుంది, సాగితే తర్వాతి హర్డిల్ మీదకొచ్చి పడుతుంది. అందుకని వేగం పెరిగిన హర్డ్లర్ అంగ కుదించుకోవడం నేర్చుకోవాలి.

ఆమె అంకెల చరిత్ర ఏ కథకూ తీసిపోదు. అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు ఇరవై ఏళ్లు కదల్లేదు. జ్యోతి 2020లో మూడబిద్రిలో 13.03 పరుగెత్తింది, అక్కడ డోప్ పరీక్ష జరగనందువల్ల లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09, ఆ వేళ వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లు, నిబంధన ఒప్పుకునేది 2.0. మళ్లీ లెక్కలోకి రాలేదు. మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 వచ్చింది, ఎట్టకేలకు రికార్డుగా నమోదైంది. అంటే పుస్తకంలోకి ఎక్కిన పరుగు, ఎక్కని రెండు పరుగులకంటే నెమ్మదైనది! ఆ అక్టోబరులో బెంగళూరులో 12.82తో 13 సెకన్ల గీత దాటిన తొలి భారతీయురాలైంది. 2023 ఆగస్టులో చెంగ్డూలో 12.78. లిమసోల్ నుంచి చెంగ్డూకు పదిహేను నెలలు, తగ్గింది 0.45 సెకను. భువనేశ్వర్‌లో కోచ్ జేమ్స్ హిలియర్ దగ్గర పదిహేను నెలల చాకిరీకి కనురెప్పలు ఒకటి రెండుసార్లు కొట్టుకునేంత కాలం ఆదా అయింది. పారిస్ ఒలింపిక్స్‌లో ఈ అంశంలో పోటీపడ్డ తొలి భారతీయురాలు ఆమే.

మన కుర్రాడికి 25 సెకన్లు కావాలి. ఆ లెక్కన అతని పని ఎంతో సులువు. కొత్తవాళ్లకు తగ్గినంత తేలిగ్గా టైం ఇంకెవరికీ తగ్గదు. ఆడపిల్లల 800 మీటర్లయితే ఇంకా సులువు: 5 నిమిషాల 20 సెకన్లంటే గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగం, మామూలు జాగింగ్. కానీ హైస్కూలు దాటాక మళ్లీ పరుగెత్తని అమ్మాయిలకు, చీకట్లో అన్నో నాన్నో బైకు మీద దించితేగానీ గ్రౌండు ముఖం చూడలేని అమ్మాయిలకు, ఆ జాగింగే కొండంత. వాళ్లను మొదటి రోజు నుంచే టైం చూసి పరుగెత్తించే కోచ్‌లు ఉన్నారు. ఆగకుండా పది నిమిషాలు కదలడం వచ్చాక స్టాప్‌వాచ్ తీస్తే ఏం పోతుంది?

ఇక కాళ్లు ఊరుకోకపోవడం సంగతి. ఇఫ్లీ రోడ్‌లో ఆ సాయంత్రం బానిస్టర్ కూడా అదే ఇబ్బంది పడ్డాడు. పందేనికి ముందు అయిదు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకున్నాడు. ఒళ్లు దూదిపింజెలా ఉంది. ముందు పరుగెత్తుతూ వేగం చూపిస్తున్న బ్రాషర్ మరీ నెమ్మదిగా పోతున్నాడనిపించి, ఇంకా వేగంగా పొమ్మని వెనకనుంచి అరిచాడు. బ్రాషర్ తన వేగం తను మార్చలేదు. ఆ మొదటి రౌండు 57.5 సెకన్లలో అయింది. నెమ్మది కాదు సరికదా, నాలుగింటిలో అదే వేగవంతమైనది. తర్వాతివి 60.7, 62.3, 58.9. బ్రాషర్ గనక స్నేహితుడి మాట విని ఉంటే చరిత్ర ఏమయ్యేదో. విశ్రాంతిలో ఉన్న శరీరం పందెం రోజున అబద్ధం చెబుతుంది. అన్నేళ్లు శరీరశాస్త్రం చదివిన వైద్య విద్యార్థి కూడా దాన్ని నమ్మాడు. ఈవెంట్స్ రోజున వందలమంది మధ్య, నంబరు వేసుకుని, రాత్రంతా నిద్రలేక గీత మీద నిలబడ్డ కుర్రాడు నమ్మడా? కాబట్టి మొదటి రౌండు 105 సెకన్లలో వెళ్తే ఎలా ఉంటుందో కాళ్లకు ముందే బట్టీ పట్టించడం తప్ప వేరే దారి లేదు. ఆరుసార్లు అదే 105 అని పీడీ సారు పట్టుబట్టింది అందుకే.

పాసైనవాళ్లలో చాలామంది ట్రైనింగ్ అయ్యాక పరుగు మానేస్తారు. శరీరం ఆ మానేయడాన్ని తొందరగానే గమనిస్తుంది. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు ఆపేస్తే, మొదటి మూడు వారాల్లోపే ఆక్సిజన్ వాడుకునే శక్తి సుమారు 7 శాతం పడిపోతుందని 1984లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం కొలిచి చెప్పింది. ముందు తగ్గేది రక్తంలోని నీరు. తర్వాత కండల వంతు. అయిదేళ్లకు యూనిఫాం బొత్తాల వంతు.

లిడియార్డ్ ఈ రెండో బాధకూ మందు కనిపెట్టాడు, అదీ పాత మందే. 1960ల మొదట్లో ఆక్లండ్‌లో పొట్టలు పెంచిన వ్యాపారులను, గుండెజబ్బు వచ్చినవాళ్లను పోగేసి, తన పరుగువీరులకు చెప్పిన తేలిక పరుగే వాళ్లకూ చెప్పాడు. 1962 చివర్లో అమెరికా నుంచి బిల్ బోవర్‌మన్ అక్కడికి వచ్చాడు. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో మేటి రన్నర్లను తయారుచేసిన కోచ్. తర్వాత నైకీ స్థాపించిన ఇద్దరిలో ఒకడు. వయసు యాభై దాటింది. లిడియార్డ్ అతన్ని ఒక ఆదివారం ఆ బృందంతో పాటు పరుగుకు తీసుకెళ్లాడు. కాసేపటికే బోవర్‌మన్ వెనకబడ్డాడు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన, అంతకుముందే గుండెపోటు వచ్చి బతికినవాడు, అతిథి ఒంటరిగా మిగిలిపోతాడేమోనని వెనక్కి వచ్చి పక్కనే పరుగెత్తాడు. దారి పొడవునా పెద్దాయన కబుర్లు చెబుతూనే ఉన్నాడు. బోవర్‌మన్‌కు ఊ కొట్టే ఊపిరి కూడా లేదు. అమెరికా తిరిగివెళ్లాక అతను చేసిన మొదటి పనుల్లో ఒకటి, తన ఊళ్లో నడివయసు వాళ్లకు నెమ్మది పరుగు నేర్పే తరగతి పెట్టడం.